తొంబదియవ జిల్లా: బెల్‌ఫోర్ సీమ

ఫ్రాన్సు దేశమున ప్రతి జిల్లాకును పేరుతో పాటు ఒక అంకె కూడ కలదు. మనము జిల్లా అనుదానిని వారు డిపార్టుమెంటు అందురు. పేర్లను అకారాది క్రమమున పేర్చి, ఒకటి మొదలుకొని అంకెలు వేసిరి. ఉత్తరముల చిరునామాలయందును, మోటారుబండ్ల పలకలపైనను నేటికిని ఆ అంకెలే కానవచ్చును. వరుసలో మొదటిది ఏన్ జిల్లా. దాని అంకె 1. అక్షరక్రమమున కడపటిది యోన్ జిల్లా. దాని అంకె 89. పట్టిక అంతటితో ముగియవలసినది. కాని ముగియలేదు. యోన్ తరువాత, వరుస తప్పి, 90వ అంకెతో 'తెరితువార్ ద బెల్‌ఫోర్' అను పేరు వచ్చి చేరినది. తెరితువార్ అనగా భూభాగము, సీమ అని అర్థము. తక్కిన జిల్లాలకు చాలవరకు నదుల పేర్లో పర్వతముల పేర్లో పెట్టిరి. దీనిని మాత్రము 'బెల్‌ఫోర్ సీమ' అనిరి.

ఈ అంకె వరుస తప్పి ఏల పడెను? జిల్లాకు 'సీమ' అను పేరేల కలిగెను? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకినచో ఆ జిల్లా చరిత్ర అంతయు మన కన్నుల యెదుట నిలుచును. దేశముల నడుమ గీసిన గీత మానవుల బ్రతుకులను ఎట్లు మార్చునో, ఆ బ్రతుకులు మరల ఆ గీతను ఎట్లు మార్చునో కూడ కొంత తెలియవచ్చును. నేడు మేము మనవి చేయదలచినది ఆ కథయే.

ముందుగా నేల సంగతి. ఫ్రాన్సునకు తూర్పు వైపున రెండు పర్వతపంక్తులు గలవు. ఉత్తరమున వోజ్ పర్వతములు, దక్షిణమున జూరా పర్వతములు. ఈ రెంటి నడుమ సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున కొండలు తగ్గి నేల పల్లమైనది. అదియే బెల్‌ఫోర్ కనుమ. దానికి తూర్పున రైన్ నది మైదానము, ఆవల జర్మనీ, పడమటను సోన్ నది లోయ, దాని వెంట ఫ్రాన్సు నడిబొడ్డునకు మార్గము, ఆగ్నేయమున స్విట్జర్లాండు. తలుపులేని గుమ్మమువంటి ఈ త్రోవనే వర్తకులు నడచిరి, సైన్యములును నడచినవి. తరువాతి కాలమున కాలువ త్రవ్విన వారును, ఇనుప దారి వేసిన వారును, రాచబాట తీర్చిన వారును ఈ కనుమనే ఎన్నుకొనిరి.

ఈ కనుమలో నీళ్లు కూడ రెండు దిక్కులకు పాలుపడును. జిల్లాకు ఉత్తరపుటంచున 1247 మీటర్ల ఎత్తున బాలోన్ దల్సాస్ అను కొండ కలదు. ఆ కొండ నుండి దిగు సవురోజ్ అను చిన్న నది బెల్‌ఫోర్ పట్టణము నడుమగా ప్రవహించి, అలాన్, దూ, సోన్ నదుల మీదుగా రోన్ నదిని చేరి, తుదకు మధ్యధరా సముద్రమున కలియును. ఇచటికి కొలది దూరమున తూర్పున పడిన వానచినుకు మాత్రము ఇల్ నదిలోనికి, అటనుండి రైన్ నదిలోనికి చేరి, ఉత్తర సముద్రమునకు పోవును. ఈ రెండు జలములను కలుపుటకే పందొమ్మిదవ శతాబ్దమున రోన్ - రైన్ కాలువను ఈ జిల్లా దక్షిణ భాగము మీదుగా త్రవ్విరి.

జిల్లా వైశాల్యము 609 చదరపు కిలోమీటర్లు. మన మండలములు రెండు మూడు కలిపిన ఎంతయగునో అంత. ఉత్తర దక్షిణములుగా 40 కిలోమీటర్లకు కొంచెము పైన. తూర్పు పడమరలుగా 25 కిలోమీటర్ల లోపల. జనసంఖ్య సుమారు 1 లక్షా 40 వేలు. పారిస్ నగరమును, దానిని చుట్టుకొనియున్న మూడు చిన్న జిల్లాలను విడిచినచో, ఐరోపాఖండమందలి ఫ్రాన్సున ఇంతకంటె చిన్న జిల్లా వేరొకటి లేదు. అయినను ఈ కొద్ది నేలలోనే ఎంతో వైవిధ్యము కలదు. ఉత్తరమున దేవదారు జాతి వృక్షములతో నిండిన కొండలు. ఆ కొండల పాదమున జిరోమాన్యీ అను ఊరు. పూర్వము అచట వెండి, రాగి, సీసము త్రవ్విరి. నడుమ బెల్‌ఫోర్ పట్టణము, కోట. ఆగ్నేయమున బంకనేల, నీరు ఇంకదు. అందుచే మధ్యయుగముననే అచట అనేకములైన చెరువులు త్రవ్వి చేపలు పెంచిరి. చెరువు నీటితో పైరు పండించుట మనకు అలవాటు. వారు ఆ నీటిలో చేపలను పండించిరి. దక్షిణపు కొసను దెల్ అను పట్టణము స్విట్జర్లాండు సరిహద్దును ఆనుకొనియున్నది.

ఇక చరిత్ర. బెల్‌ఫోర్ పట్టణమునకు 1307లో స్వపరిపాలన హక్కులనిచ్చు శాసనము లభించెను. ఆ శతాబ్దముననే ఈ నేల వివాహసంబంధము వలన ఆస్ట్రియా హాబ్స్‌బర్గు వంశీయుల వశమైనది. ముప్పది సంవత్సరముల యుద్ధకాలమున ఫ్రెంచివారు దీనిని పట్టుకొనిరి. 1648 నాటి వెస్ట్‌ఫాలియా సంధితో ఫ్రాన్సునకు సంక్రమించెను. పదునాలుగవ లూయీ దీనిని 1659లో తన మంత్రి మజరేన్‌కు కానుకగా ఇచ్చెను. అటుపిమ్మట 1687 నుండి వోబాన్ అను ప్రసిద్ధ దుర్గశిల్పి పట్టణము చుట్టును ఐదు కోణములు గల ప్రాకారమును, బురుజులను, అగడ్తలను నిర్మింపసాగెను. ఆతడు కట్టించిన బ్రిసాక్ ద్వారము నేటికిని నిలిచియున్నది. గుమ్మమునకు తలుపు పెట్టినది వోబాన్ అని చెప్పవచ్చును.

ఫ్రెంచి విప్లవానంతరము, 1790లో, దేశమును కొత్తగా జిల్లాలుగా విభజించినపుడు బెల్‌ఫోర్ ప్రాంతమును అల్సాస్‌లోని ఎగువ రైన్ జిల్లాలో చేర్చిరి. అంటే ఆనాడు ఇది అల్సాస్‌లో ఒక భాగమే. కాని ఒక భేదము కలదు. ఎగువ రైన్ జిల్లాలో తక్కిన చోట్ల ప్రజల వాడుకభాష చాలవరకు జర్మను మాండలికము. బెల్‌ఫోర్ పరిసరముల పల్లెలలో మాత్రము ఫ్రెంచి జాతి మాండలికము. ఒకే జిల్లా, రెండు పలుకుబడులు. ఎనుబది యేండ్లు ఈ భేదమును ఎవ్వరును పెద్దగా లెక్కపెట్టలేదు. తరువాత యుద్ధము వచ్చెను.

1870 జులైలో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము మొదలయ్యెను. సెప్టెంబరు నాటికే ఫ్రెంచి చక్రవర్తి మూడవ నెపోలియన్ శత్రువుల చేత చిక్కెను. నవంబరు 3వ తేదీన జర్మను సేనలు బెల్‌ఫోర్‌ను ముట్టడించెను. కోటలో సుమారు 17 వేల మంది సైనికులు; వారిలో పెక్కుమంది అనుభవము లేని కొత్తవారు. వారికి నాయకుడు కర్నల్ దాంఫేర్ రోష్రో. ఆతడు వృత్తిచే సైనిక ఇంజనీరు. ఆ కోటను, ఆ చుట్టుపట్ల నేలను చక్కగా ఎరిగినవాడు. గోడల వెనుక దాగుట కాక, చుట్టునున్న పల్లెలను, మిట్టలను కూడ పట్టుకొని, శత్రువును వీలైనంత దూరమున నిలిపి పోరాడుట ఆతని పద్ధతి. డిసెంబరు 3 నుండి పట్టణముపై ఫిరంగి గుండ్లు కురియసాగెను. ఆ వర్షము 73 దినములు నిలువలేదు. సైనికులతో పాటు పౌరులును నేలమాళిగలలో తలదాచుకొనిరి. జనవరి నడుమ ఫ్రెంచి సేనానాయకుడు బుర్బాకీ వెలుపలి నుండి వచ్చి ముట్టడిని విడిపింప యత్నించి, సమీపమున లిజేన్ వాగు కడ ఓడిపోయెను. అయినను కోట లొంగలేదు.

ఇచట ఒక విశేషమును గమనింపవలెను. 1871 జనవరి 28న పారిస్ కడ యుద్ధవిరామ పత్రముపై చేవ్రాళ్లు పడెను. కాని ఆ విరామము తూర్పు ప్రాంతములకు వర్తింపలేదు. దేశమంతట తుపాకులు మూగవోయినను బెల్‌ఫోర్‌లో మరి కొన్ని దినములు యుద్ధము సాగెను. తుదకు ఫ్రెంచి ప్రభుత్వమే ఆజ్ఞ పంపగా, ఫిబ్రవరి 18న కోటలోని సైన్యము ఆయుధములతో, గౌరవముతో వెలుపలికి నడచెను. ముట్టడి సాగినది 103 దినములని చరిత్రకారుల లెక్క.

ఆ మొండిపట్టు వృథాపోలేదు. సంధి సంప్రదింపులలో బిస్మార్కు అల్సాస్‌ను, లొరేన్‌లో ఒక భాగమును కోరెను. ఫ్రాన్సు పక్షమున మాట్లాడినవాడు తియేర్. ఆ వృద్ధుడు తక్కినవి దక్కవని గ్రహించి, బెల్‌ఫోర్‌నైనను విడువుమని పట్టుపట్టెను. బిస్మార్కు ఒక బేరము పెట్టెను: బెల్‌ఫోర్ కావలెనన్నచో జర్మను సైన్యము విజయచిహ్నముగా పారిస్ నగరమున ప్రవేశించుటకు అంగీకరింపవలెను. తియేర్ అంగీకరించెను. ఫిబ్రవరి 26న ప్రాథమిక సంధి కుదిరెను. మార్చి 1న జర్మను సైనికులు పారిస్ వీధులలో నడచిరి. రాజధాని తల వంచినందున ఒక సరిహద్దు పట్టణము నిలిచెను.

బేరము అంతటితోను ఆగలేదు. పట్టణము ఒక్కటే దక్కిన చాలదు. చుట్టును కొంత నేల లేనిచో కోటను కాచుకొనుట కల్ల. మే నెల 10వ తేదీన ఫ్రాంక్‌ఫర్టులో జరిగిన సంధి ప్రకారము, బెల్‌ఫోర్ చుట్టును మరికొన్ని గ్రామములను ఫ్రాన్సునకు విడుచుటకు జర్మనీ ఒప్పుకొనెను. వానికి బదులుగా లక్సెంబర్గు చేరువను, ఇనుప ఖనిజముగల లొరేన్ గ్రామములను కొన్నింటిని ఫ్రాన్సు వదలుకొనెను. శ్రోతలారా! ఒక్క క్షణము ఆలోచింపుడు. బెల్‌ఫోర్ పల్లెలోని రైతు ఫ్రెంచి పౌరుడుగా నిలుచుటకు లొరేన్ పల్లెలోని రైతు జర్మను ప్రజయయ్యెను. ఆ రైతును అడిగినవారు లేరు. ఈనాడు బెల్‌ఫోర్ శౌర్యమును స్మరించునపుడు ఆ పేరులేని పల్లెలను కూడ స్మరించుట ధర్మమని మేము తలచుచున్నాము.

ఇట్లు ఎగువ రైన్ జిల్లా అంతయు జర్మనీకి పోగా, దానిలో ఈ చిన్న ముక్క మాత్రము ఫ్రాన్సునకు మిగిలెను. దీనిని ఏ జిల్లాలో చేర్చవలెను? పొరుగు జిల్లాలలో కలిపివేసిన తీరిపోవును. కాని ఫ్రెంచి ప్రభుత్వము అట్లు చేయలేదు. కలిపినచో అల్సాస్‌ను ఇక మరచితిమని ఒప్పుకొనినట్లగును. పూర్తి జిల్లాగా చేయుటకును మనసు రాలేదు. చేసినచో ఈ విభజన శాశ్వతమని ఒప్పుకొనినట్లగును. కావున పేరు పెట్టకయే, నేడో రేపో తల్లిజిల్లాతో మరల కలియునను ఆశతో, దీనిని ఒక 'సీమ'గా వేరుగా ఉంచిరి. పెండ్లి నిశ్చయమై ముహూర్తము కుదరని ఇంట పందిరిని విప్పకుండ ఉంచినట్లు ఈ పేరును ఉంచిరి. ఆ పందిరి ఏబది యేండ్లు నిలిచెను.

ఆ ఏబది యేండ్లలో ఊరే మారిపోయెను. సంధిలో ఒక నియమము కలదు: జర్మనీ వశమైన ప్రాంతపువారు ఫ్రెంచి పౌరసత్వమే కోరుకొనినచో, 1872 అక్టోబరు 1వ తేదీ లోపల ఆ నేల విడిచి ఫ్రాన్సునకు తరలిపోవలెను. ఇల్లు కావలెనా, దేశము కావలెనా అను ప్రశ్న ప్రతి కుటుంబము ముందును నిలిచెను. అనేకులు మూటాముల్లె కట్టుకొని కొత్త సరిహద్దు దాటిరి. వారికి అన్నిటికంటె సమీపమైన ఫ్రెంచి పట్టణము బెల్‌ఫోర్. మనుష్యుల వెంట కర్మాగారములును వచ్చినవి. ములూజ్ నగరపు యంత్రనిర్మాణ సంస్థ ఫ్రెంచి విపణిని పోగొట్టుకొనజాలక 1879లో బెల్‌ఫోర్‌లో ఒక శాఖ నెలకొల్పి రైలు ఇంజనులు చేయనారంభించెను. ఆ సంవత్సరమే ములూజ్‌లోని నూలు సంస్థ ఒకటి కూడ ఇచట మిల్లు తెరచెను. ముట్టడినాడు 8 వేలు మాత్రమే ఉన్న పట్టణ జనసంఖ్య 1914 నాటికి 40 వేలకు చేరువయ్యెను. దక్షిణమున బోకూర్ గ్రామములో గడియారముల పరిశ్రమ అంతకు నూరేండ్ల ముందు నుండియే కలదు. దానిని 1777లో స్థాపించినవాడు ఫ్రెడరిక్ జపీ.

ఈ కాలముననే కోటకొండ గోడకు ఆనించి ఒక మహాసింహమును చెక్కిరి. పొడవు 22 మీటర్లు, ఎత్తు 11 మీటర్లు. వోజ్ కొండల ఎర్ర ఇసుకరాతి దిమ్మెలను పేర్చి, ముట్టడిలో మరణించినవారి జ్ఞాపకార్థము దీనిని రచించిన శిల్పి బర్తోల్ది. అమెరికాలో న్యూయార్కు రేవున నిలిచిన స్వేచ్ఛాదేవి విగ్రహము కూడ ఆతని సృష్టియే. ఆతడు పుట్టినది కొల్మార్ నగరమున. అది జర్మనీకి పోయిన అల్సాస్‌లోనిది. తన ఊరు పోయినవాడు, పోకుండ నిలిచిన ఊరికి చేసిన విగ్రహమిది. 1880లో పని ముగిసినది. ఆ సింహము విజయగర్వముతో గర్జించునది కాదు. గాయపడి, కాలిక్రింద బాణమును త్రొక్కిపట్టి, తల యెత్తి కూర్చున్న సింహము. ఓడియు లొంగనివాని రూపము అది.

1914లో మరల యుద్ధము. ఆగస్టు 2వ తేదీన, అనగా జర్మనీ ఫ్రాన్సుపై యుద్ధము ప్రకటించుటకు ముందునాడే, దెల్ సమీపమున జోంషరే అను గ్రామములో ఒక జర్మను గుఱ్ఱపుదళము సరిహద్దు దాటి వచ్చెను. అచట కావలి ఉన్న జూల్ ఆంద్రే పెజో అను ఫ్రెంచి కార్పొరల్ వారిని అడ్డగించెను. ఆతనికి 21 ఏండ్లు, వృత్తిచే బడిపంతులు. ఇరువైపుల కాల్పులలో పెజోయును, జర్మను లెఫ్టినెంటు మాయర్ అను యువకుడును మరణించిరి. కోట్లాది జనమును మ్రింగిన ఆ మహాసంగ్రామమున ఫ్రెంచి, జర్మను సైన్యముల మొదటి మృతులు ఈ చిన్న జిల్లా నేలపైననే ఒరిగిరి.

1918లో జర్మనీ ఓడెను. అల్సాస్ తిరిగి ఫ్రాన్సునకు వచ్చెను. ఏబది యేండ్లుగా ఎదురుచూచిన ముహూర్తము వచ్చినట్లే. బెల్‌ఫోర్ సీమ తల్లిజిల్లాతో కలియవలసినది కదా! కలియలేదు. ఏలయన, ఒక తరము పుట్టి పెరిగి వృద్ధమయ్యెను. సీమకు తన కచ్చేరులు, తన పరిపాలకులు, తన పరిశ్రమలు ఏర్పడినవి. చట్టములును వేరైనవి. ఫ్రాన్సులో 1905లో మతమును రాజ్యము నుండి వేరు చేయు శాసనము వచ్చినపుడు అల్సాస్ జర్మనీలో ఉండెను; అందుచే నేటికిని ఆ శాసనము అల్సాస్‌లో అమలులో లేదు. బెల్‌ఫోర్‌లో కలదు. తాత్కాలికమనుకొనినది ఇల్లయినది. 1922లో ప్రభుత్వము దీనిని పూర్తి జిల్లాగా ప్రకటించెను. అక్షరక్రమపు పట్టిక అప్పటికే నిండియుండినది. కావుననే యోన్ తరువాత 90వ అంకె. 'సీమ' అను మాటను మాత్రము తొలగింపలేదు. ఎదురుచూపునకు గుర్తుగా పెట్టిన పేరే స్వాతంత్ర్యమునకు గుర్తుగా మిగిలినది. శ్రోతలు మొదట విన్న రెండు ప్రశ్నలకును ఇదియే సమాధానము.

1940 జూన్‌లో జర్మను సేనలు మరల వచ్చి పట్టణమును ఆక్రమించెను. 1944 నవంబరులో జనరల్ ద లాత్ర్ నాయకత్వమున ఫ్రెంచి మొదటి సైన్యము దీనిని విడిపించెను. ఆ తరువాత ఈ గుమ్మమున సైన్యములు పోరాడలేదు.

నేడు పాత సరిహద్దున కావలివారు లేరు, తనిఖీ లేదు. అయినను ఆ గీత పూర్తిగా చెరగలేదు. డిసెంబరు 26వ తేదీన ములూజ్‌లో సెలవు, బెల్‌ఫోర్‌లో పనిదినము. ఇంకొక వింత. ఫ్రాన్సున రైలుబండ్లు ఎడమ దారిని నడచును. జర్మను పాలనలో వేసిన పద్ధతి ప్రకారము అల్సాస్‌లో కుడి దారిని నడచును. అందుచే పాత సరిహద్దు ప్రాంతమున ఒక దారిని రెండవదాని మీదుగా వంతెనపై దాటించి, బండ్లను ప్రక్క మార్తురు. ప్రయాణికునకు అది తెలియనైన తెలియదు. కాని అతని పెట్టె చక్రముల క్రింద 1871వ సంవత్సరము కదలుచుండును.

బెల్‌ఫోర్‌కు రైలుతో గల సంబంధము నేటికిని తీరలేదు. 1879లో వెలసిన ఆ కర్మాగారము 1928లో థామ్సన్ సంస్థ శాఖతో కలిసెను. అల్సాస్ పేరు సగము, థామ్సన్ పేరు సగము కలిపి 'అల్స్‌థామ్' అనిరి. అదియే నేటి ఆల్‌స్టామ్. అల్సాస్‌లో చేరని ఊరిలో అల్సాస్ పేరు ఇట్లు నిలిచెను. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో మెట్రో రైలుపెట్టెలను తయారుచేయునది ఈ సంస్థయే. ఫ్రాన్సు అతివేగ రైళ్ల ఇంజనులు బెల్‌ఫోర్‌లో తయారైనవి. 2016 సెప్టెంబరులో ఆ సంస్థ ఇచట రైళ్ల తయారీని నిలిపి, అల్సాస్‌లోని రైష్‌షోఫెన్‌కు తరలింతునని ప్రకటింపగా ఊరు ఊరంతయు కలవరపడెను. కార్మికులు వీధులకెక్కిరి. తరువాతి నెలలో ప్రభుత్వము తానే 15 అతివేగ రైళ్లను కొందునని చెప్పి కర్మాగారమును నిలిపెను. 103 దినముల ముట్టడిని ఎరిగిన ఊరికి ఇది మరియొక విధమైన ముట్టడి. ఈసారి శత్రువు ఫిరంగి కాదు. పని పోవునను భయము.

2016లో ఫ్రాన్సు రాష్ట్రములను పునర్విభజించినపుడు ఈ జిల్లా బూర్గోన్ - ఫ్రాంష్ కోంతే రాష్ట్రమున చేరెను. 2021లో అల్సాస్‌లోని రెండు జిల్లాలు కలిసి ఒక్క పాలనాసంఘమైనపుడు బెల్‌ఫోర్ అందు లేదు. 1871లో వేరుపడిన ముక్క మరల కలియలేదు.

పటము గీయువాడు ఒక సాయంకాలమున గీత గీయును. ఆ గీత ఇరువైపులను జనులు పుట్టుదురు, పని చేయుదురు, మరణింతురు. ఏబది యేండ్ల పిమ్మట దానిని చెరుపుట సులభమని తలచువాడు ఆ జనులను లెక్కలోనికి తీసికొననివాడు. బెల్‌ఫోర్ సీమను ఫ్రాన్సునకు నిలిపినది సైనికుల శౌర్యము. దానిని జిల్లాగా నిలిపినది మాత్రము మూటాముల్లెతో వచ్చి, ఇల్లు కట్టుకొని, యంత్రము ముందు నిలిచి పని చేసిన సామాన్య జనము. పట్టికలో 90వ అంకెను చూచినపుడు వారిని స్మరింపవలసినదని మనవి చేయుచు సెలవు తీసికొనుచున్నాము.